చేపా, రాయా?

"ఆడడాక్టరా? నా వల్లగాదు, నేను పోతా!" పెంచలకృష్ణ లుంగీ బిగించుకుని స్కాన్ గదిలో బల్ల దిగబోయినాడు.

"పో. పోయి మీ సర్జన్ చెప్పినట్టు రేపే ఆ పక్క బీజం మొత్తం తీయించుకో," అనింది డాక్టర్ రెజీనా, తల కూడా తిప్పకుండా. "లేదంటే పది నిమిషాలు సిగ్గు పక్కనబెట్టు. అందులో ఉండే గడ్డ మంచిదో చెడ్డదో చూసి చెప్తా."

వాకాడు రేవులో బోటు డ్రైవరతను. నడిసముద్రంలో గాలివానకి జడవనోడికి ఒళ్లంతా చెమటలు పట్టినాయి. వచ్చే నెల్లోనే బిందుతో పెళ్లి మరి! కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాడు.

చల్లటి జెల్లు పడింది. డాక్టరమ్మ మిషను అటూ ఇటూ జరపతానే ఉండాది. ఉండబట్టలేక ఓరకంట మానిటర్ చూసినాడు.

"అమ్మా, ఇది మా బోట్లో ఫిష్ ఫైండర్ మాదిరే ఉండాదే! శబ్దం పోయి, తగిలి తిరిగొస్తే బొమ్మ పడతాది."

"అదీ ఇదీ ఒకటే అబ్బాయ్. అందులో చేపని ఎట్టా కనిపెడతావు?"

"చేపల గుంపైతే లోపల రంగులు ఆడతా ఉంటాయి. రాయైతే ఉలకదు పలకదు."

"అయితే నువ్వే చూడు. ఈ బటన్ నొక్కితే రక్తం పారే చోట రంగులొస్తాయి. చెడ్డ గడ్డకి రక్తం కావాల. నీది చేపా, రాయా?"

తల పైకెత్తి చూసినాడు. గుండ్రంగా, ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలు. లోపల ఒక్క రంగు చుక్క లేదు.

"రాయే... గదమ్మా?"

"రాయే. రక్తపరీక్షలూ బాగుండాయి. గడ్డ మటుకు తీస్తే చాలు, బీజం జోలికి పోవద్దని రాసిస్తా. దర్జాగా పెళ్లి చేసుకో."

పెంచలకృష్ణకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గు ఎటు పోయిందో ఏమో, నవ్వుతానే ఏడ్చేసినాడు. "మీరు పెళ్లికి రావాల డాక్టరమ్మా! వంజరం చేపల పులుసు పెట్టిస్తా."

ఆమె నవ్వలేదు. మానిటర్ మీద ఇంకో వీడియో పెట్టింది. "నీ కన్ను మంచిది. ఇది కూడా చూసి చెప్పు."

అతను హుషారుగా ముందుకి వంగినాడు. "ఇందులో అనుమానమేముందమ్మా? రంగులు ఎట్టా ఆడతా ఉండాయో చూడండి! చేపే. పాపం, ఎవరిది?"

"మా ఆయనది," అనింది రెజీనా.