మైలపడిన అచ్చు

బొడ్డమ్మ గంప తీసేలోగానే యజమాని భాస్కరరావు షెడ్డులోకి వచ్చేశాడు.

ఉక్కు అచ్చు చుట్టూ నిప్పులు. నిప్పుల మీద బోర్లించిన వెదురు గంప. గంప మీద పసివాడి ఉచ్చగుడ్డలు.

పలాస రైలుకట్ట పక్కనున్న ఆ షెడ్డులో బోల్టులు చేస్తారు. ఎర్రగా కాల్చిన కడ్డీని అచ్చులో నిలబెట్టి సమ్మెట వేస్తే బోల్టుకు తల వస్తుంది. అచ్చు కలకత్తా ఉక్కు. తొలకరిలో బిగించారు. శుక్రవారం వస్తే భాస్కరరావు దానికి పసుపూ కుంకుమా పెడతాడు. అక్కడ ఊడ్చే మనిషి బొడ్డమ్మ. సమ్మెట వేసేది ఆమె మొగుడు తవిటయ్య.

ఆ తొలకరిలోనే ఆమెకు కొడుకు పుట్టాడు. పుట్టినప్పట్నుంచీ రొంప, ఆయాసం. ఇల్లంతా కారుతుంది. తడిగుడ్డ తగిలితే పిల్లడు దక్కడని మంత్రసాని భయపెట్టింది. అందుకే రోజూ అందరికన్నా ముందొచ్చి, కొలిమి బూడిద కింది నిప్పులు లాగి, వాన పడని ఆ అచ్చు చుట్టూ పోసి, గంప బోర్లించి గుడ్డలు ఆరబెట్టుకుని, పనివాళ్లు వచ్చేసరికి ఊడ్చేసేది.

“పూజ సేసిన సోట ఉచ్చగుడ్డలా? రేపు నా నెత్తిమీద ఆరేత్తావేటి?” అన్నాడు భాస్కరరావు.

వెనకే వచ్చిన పనివాళ్లు నవ్వారు. తవిటయ్య తల దించుకున్నాడు.

“గుంటడికి డొక్కలెగరేత్తన్నాయి బాబూ. ఈ ముసురు తగ్గీవరకూ ఒగ్గీండి.” బొడ్డమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

విడిపించింది మొగుడే. “నా పని కూడా తీయించీసి గానీ ఒగ్గవేటే?” అంటూ రెక్క పట్టి వానలోకి గెంటాడు.

ఆ పూటకి పని ఆపించాడు భాస్కరరావు. మైల పోవాలని కుండలకొద్దీ నూతినీళ్లు అచ్చు మీద పోయించాడు. మర్నాడు కొలిమి రాజేసి, కొబ్బరికాయ కొట్టి, తొలి దెబ్బ తవిటయ్యనే వేయమన్నాడు. పెళ్లాం చేసిన తప్పు మొగుడి చేతి మీదుగానే పోవాలట.

బొడ్డమ్మ గుమ్మం బయట నిలబడింది. తడిగుడ్డలో దగ్గుతున్న బిడ్డను గుండెకు అదుముకుని, తన మైల అచ్చుకు అంటకుండా చూడమని అమ్మవారికి మొక్కుకుంది.

దెబ్బ పడింది. అచ్చు భళ్లున పగిలింది. కత్తిలాంటి ముక్క ఎగిరి తవిటయ్య గొంతులో దిగింది.

ఆడదాని మైలే మనిషిని మింగిందని షెడ్డంతా అంది. శవం మీద పడి బొడ్డమ్మా అదే అంది.

అచ్చు అమ్మిన మనిషి విశాఖపట్నం నుంచి వచ్చాడు. ముక్కలు తిప్పి తిప్పి, అంచుల వెంట నిప్పులు తగిలిన మరకలు చూసి, భాస్కరరావు వైపు తిరిగాడు.

“ఈ ఉక్కు చల్లగా ఉంటే తొలి దెబ్బకే పగులుతుంది కదా, ఇన్నాళ్లూ పొద్దున్నే దీని చుట్టూ నిప్పులు పోసి కాపాడుకొచ్చిన మనిషిని ఎందుకు మాన్పించారు?”