బాబా నడుము మీది పిస్తోలు

“ఈ దినం ఆ పిస్తోలు ఇంట్లోనే ఉండిపోవాలంట అన్నా. మేడం నీ మీదే ఆశ పెట్టుకుంది,” అంది మహబూబ్బీ గొంతు తగ్గించి.

చెంచయ్య జీపు బానెట్ దించి చేతులు తుడుచుకున్నాడు.

“నేను చెప్తే బాబా ఇంటాడా? డ్రైవర్నమ్మే నేను.”

“పెండ్లాం చెప్తే వినలేదంట. నువ్వు చెప్పి చూడు. ఆయప్ప ఆ అడవిలో ఏమన్నా చేసుకుంటే ఎవరు జవాబుదారీ అన్నా?”

చెంచయ్యది ఉదయగిరి పక్క. మహబూబ్బీది రాయచోటి. సౌదీలో అబహా కొండల మీది ఆ ఇంట్లో ఆమె వంటకూ, అతను బండికీ కుదిరి చాలా కాలమైంది. బాబా అంటే వాళ్ళ కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని అబూ నాసిర్. కువైట్ యుద్ధం సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీ దాకా వచ్చినప్పుడు ఆయన ఒక్కగానొక్క కొడుకు, సైనికుడు నాసిర్, అక్కడే చనిపోయాడు. యుద్ధానికి పోతూ నాసిర్ ఇంట్లో వదిలేసి వెళ్ళిన సొంత పిస్తోలును ఆనాటి నుంచి బాబా నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడు. అన్నానికి కూర్చున్నా అది ఒంటి మీదే. పడుకుంటే తలగడ కింద. ఎవరికైనా ఇచ్చేద్దామని ఆయన అంటే కొడుకు గుర్తని మేడం ఒప్పుకోలేదట.

బాబా భార్య మేడం గట్టి మనిషి. పరామర్శకు వచ్చిన వాళ్ళను తనే ఓదార్చి పంపింది. ఇల్లు మునుపటిలాగే నడుపుతోంది. చిక్కి సగమైంది బాబాయే. మాట తగ్గింది, తిండి తగ్గింది. సలూకీ వేటకుక్కను వెంటబెట్టుకుని జూనిపర్ అడవిలో కుందేళ్ళ వేటకు పోవడం ఒక్కటే ఆయనకు మిగిలింది. కిందటిసారి లోయ అంచున కూర్చుని పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. ఉన్నట్టుండి దాన్ని పట్టుకుని చెయ్యెత్తాడు. చెంచయ్య కేక పెట్టేసరికి దించేశాడు. అప్పటి నుంచి చెంచయ్యకూ అదే భయం.

బాబా కుక్కతో బయటికి వచ్చాడు.

“బాబా, ఈరోజు పిస్తోలు వద్దు,” అన్నాడు చెంచయ్య తనకొచ్చిన అరబ్బీలో.

“అడవిలో తోడేళ్ళుంటాయి.”

“కుక్క ఉంది. నా చేతిలో కర్ర ఉంది. మనం పోయేది కుందేళ్ళకే కదా.”

బాబా వినిపించుకోకుండా జీపెక్కబోయాడు. చెంచయ్యకు ఇంకేం తోచక అబద్ధం అందుకున్నాడు.

“దారిలో కొత్తగా చెకింగ్ పెట్టారు బాబా. బండిలో పిస్తోలు దొరికితే మిమ్మల్ని పోనిస్తారు. పరాయి దేశం వాణ్ణి, నన్ను లోపలేస్తారు. పిల్లలున్నవాణ్ణి.”

బాబా ఆగిపోయాడు. చెంచయ్య ముఖంలోకి అలాగే చూశాడు. తర్వాత మెల్లగా బెల్టు విప్పాడు.

“నీ గదిలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. ఇంట్లో ఎవరికీ చెప్పకు.”

తిరిగొచ్చాక మళ్ళీ కట్టుకోవడానికే ఈ జాగ్రత్తంతా అనుకున్నాడు చెంచయ్య. మేడం చేతికి చేరితే ఆమె ఎక్కడో దాచేస్తుంది. ఇక ఆయనకు దొరకదు. అతను గదిలోకి పోయినట్టే పోయి, వెనక గుమ్మంలో కాచుకుని ఉన్న మహబూబ్బీ చేతిలో దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాడు.

“నేరుగా మేడంకే ఇయ్యి.”

జీపు కదులుతుంటే వంటింటి కిటికీలో మేడం కనిపించింది. గుండె మీద చెయ్యి వేసుకుని చెంచయ్య వైపు తల వంచింది.

“తాళం వేశావా?” అన్నాడు బాబా ఊరు దాటగానే.

“వేశాను బాబా.”

అడవి మొదట్లో దిగాక మళ్ళీ అదే అడిగాడు. చుట్ట మానేసినవాడు జేబు తడుముకున్నట్టు ఆయన చెయ్యి మాటిమాటికీ నడుము మీదికి పోతుంటే చెంచయ్యకు జాలేసింది.

ఎండ ఎక్కేకొద్దీ ఆయన కాస్త కుదుటపడ్డాడు. కుక్క ఒక కుందేలును చెట్ల మధ్య తరుముకుంటూ పోయింది. అది చివరి క్షణంలో బండల సందున దూరిపోతే, కుక్క బిక్కమొహం చూసి బాబా పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. నీడన కూర్చుని రొట్టె తిన్నాడు, ఇంకోటి అడిగి తిన్నాడు. చిన్నప్పుడు నాసిర్ వేటకొచ్చి, పట్టిన కుందేలును ఏడ్చి వదిలిపెట్టించాడని చెప్పాడు. ఒక ప్రాణం నిలబెట్టానని చెంచయ్య లోలోపల పొంగిపోయాడు.

పొద్దు వాలకముందే ఇంటికి చేరారు. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల పోలీసు బండి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడవారగా నిలబడి ఉన్నారు. మెట్ల మీద మహబూబ్బీ తల బాదుకుంటోంది.

“మేడం నాసిర్ బాబు గదిలోకి పోయి తలుపేసుకుంది అన్నా. దాస్తుందేమో అనుకున్నా. సప్పుడైంది. తలుపు పగలగొట్టేసరికే పానం పోయింది మేడంకు...”

బాబాకు తెలుగు రాదు. అయినా ఆయనకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. లోపలికి పరుగెత్తలేదు, అరవలేదు. జీపు చక్రానికి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

“ఎవరికిచ్చావు?”

“మేడంకే బాబా. మీరు ఏమన్నా చేసుకుంటారని... మీ మేలు కోరే...” చెంచయ్య ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

ఆయన కొట్టలేదు. చెయ్యి చెంచయ్య తల మీద వేశాడు.

“ఆ రోజు లోయలో పారెయ్యబోయాను. ఆమెకు దొరక్కూడదనే కట్టుకు తిరిగాను,” అన్నాడు.