జనం ఒప్పుకున్నారు

“ఈసారి కూడా జనం కాదన్నారంటే మీ విభాగానికి తాళమే,” అన్నాడు ప్రిన్సిపాల్.

ప్రజారోగ్యం పాఠాలు చెప్పే కాలేజీ అది. జనంతో చేతులు కలపడమే ప్రొఫెసరమ్మ విభాగం పని. పాపం, కలపడానికి ఆ చేతులే ఇంతవరకూ దొరకలేదు. మొదటి పేటలో ఆవిడ చేతులు కడుక్కోవడం గురించి గంటసేపు దంచింది. అక్కడ కుళాయిలో నీళ్ళే రావని తర్వాత తెలిసింది. రెండో పేటవాళ్ళు దూరం నుంచే దండం పెట్టేశారు. ఇప్పుడు విభాగం పోతే ఆవిడ ఉద్యోగమే కాదు, ఆవిడని నమ్ముకున్న ముగ్గురు శిష్యుల చదువూ అటకెక్కుతుంది.

అందుకే పద్ధతి మార్చింది. ఊళ్ళోని కాలేజీల వాళ్ళందరికీ పెట్టిన శిక్షణ శిబిరంలో నేర్చుకున్న పద్ధతి. డాబు చీర కట్టకూడదు. హోదా చెప్పకూడదు. కుర్చీ కనబడినా నేలమీదే కూర్చోవాలి. వెళ్ళగానే వరస కలపాలి. అన్నిటికంటే ముఖ్యం, నోరు మూసుకుని వాళ్ళ మాట వినాలి, ఏమన్నా కాదనకూడదు. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి నోరు మూసుకోవడమంటే కత్తిమీద సామే.

పేటలో అడుగుపెట్టేసరికి ఇళ్ళన్నిటికీ తాళాలు.

“చూశారా, అందరూ మీటింగ్‌కే వచ్చేశారు,” అంది శిష్యులతో మురిసిపోతూ.

నిజంగానే పేట హాల్లో పదిమంది దాకా ఉన్నారు. కుర్చీలన్నీ గోడవారగా పేర్చేసి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో వెలిసిపోయిన నూలుచీరలో ఓ పెద్దావిడ.

“రా చెల్లీ, ఇలా వచ్చి కూర్చో,” అంది పెద్దావిడ.

ఆ ఆప్యాయతకి ప్రొఫెసరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. “బాగున్నారా అక్కా?” అంది.

ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. ఫ్యాన్ ఒక్కటే కిర్రుకిర్రుమంది.

“మీరే చెప్పండక్కా. వినడానికే వచ్చాను.”

“అబ్బే, ముందు నువ్వు చెప్పమ్మా. ఇక్కడ నీ మాటే ముఖ్యం.”

ఇంత మర్యాద తెలిసిన జనాన్నా తను ఇన్నాళ్ళూ ఏమీ తెలియనివాళ్ళనుకుంది. ప్రొఫెసరమ్మకి సిగ్గేసింది.

చివరికి పెద్దావిడే మెల్లగా కదిపింది. “మురిక్కాలవ కంపు బాగా ఇబ్బంది పెడుతోందా?”

వచ్చేటప్పుడు దాన్ని దాటుతూ ప్రొఫెసరమ్మ ముక్కు మూసుకుంది. “బాగా,” అంది.

“మరి దోమలో?”

అప్పటికే ఒకటి మోచేతి మీద భోంచేస్తోంది. “ఇక చెప్పక్కర్లేదక్కా.”

పెద్దావిడ పక్కనున్న అమ్మాయి కళ్ళొత్తుకుంది. ప్రొఫెసరమ్మ గుండె కరిగి నీరైంది. “పిల్లలకి దగ్గులవీ వస్తున్నాయా అక్కా?”

“ఈ గాలికి రాకుండా ఎలా ఉంటాయమ్మా,” అని నిట్టూర్చింది పెద్దావిడ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంత సజావుగా సాగిన మీటింగ్ ఆ కాలేజీ చరిత్రలో లేదు. ఒకరు అవునంటే ఇంకొకరు అవునవునన్నారు. కాలవకి మూతలు, దోమలకి మందు, పిల్లలకి పరీక్షలు, అన్నీ ఇట్టే తేలిపోయాయి. కలిసి పనిచేద్దామా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. సరేనని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రొఫెసరమ్మ వరండాలోకి పరుగెత్తి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది.

“జనం ఒప్పుకున్నారు సార్. మా విభాగం బతికింది.”

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూంటే, స్తంభానికి అవతల నుంచి పెద్దావిడ గొంతు వినబడింది: “ఈ పేటవాళ్ళు ఒప్పుకున్నారు డీన్ గారూ, ఇక మన హెల్త్ కాలేజీకి ఢోకా లేదు.”