రెండు అయస్కాంతాల పంతం

రొమ్ములో కేన్సరు గడ్డని ఏ అయస్కాంతం బాగా పట్టిస్తుందని ఇద్దరు డాక్టర్లకి పంతం. అందుకని పరీక్షకొచ్చిన ఒకావిడకి రెండు ఎమ్మారైలు. నిన్న ఒకటిన్నర టెస్లా బలమున్న అయస్కాంతం పాత మెషిన్‌లో ఏమీ కనబడలేదన్నారు. ఇవాళ మూడు టెస్లా కొత్త మెషిన్‌లో బోర్లా పడుకోబెట్టారు.

ఆవిడ లేచి గౌను సర్దుకునేసరికి అద్దం అవతల కొత్త మెషిన్ డాక్టరు చప్పట్లు కొడుతున్నాడు.

కూతురికి ఫోన్ చేసింది. "ఏం లేదే అమ్మా! డాక్టరుగారు గంతులేస్తున్నారు."

పాత మెషిన్ డాక్టరు మాత్రం వరండా బెంచీ మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆవిడకి జాలేసింది.

"అంత దిగులెందుకు బాబూ? నాకేం లేదుగా!"

"మీకేమండీ," అన్నాడతను తలెత్తకుండా. "పరువు పోయింది నాది. నిన్న నా మెషిన్‌కి చిక్కని మీ గడ్డ ఇవాళ వాడి మెషిన్‌కి చిక్కింది."