చింతపండుతో తోమిన నాణెం

"దీన్ని ఎవరు తోమిన్రు?" అన్నాడు ఉమాకాంత్, కంటి దగ్గర్నుంచి భూతద్దం తీయకుండానే.

"నేనే సార్. చింతపండు పెట్టి. జర మెరవాలె గదా," అన్నాడు కిషన్ రావు హుషారుగా.

"ఇంకెన్నడు గట్ల చెయ్యకున్రి."

కిషన్ రావు గుండు తడుముకున్నాడు. తండ్రి పోయి నెల కాలేదు, జుట్టు ఇంకా గరుకుగానే ఉంది. పక్క కుర్చీలో చెల్లెలు మనోరమ ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. నారాయణగూడ నుంచి అతను, అశోక్‌నగర్ నుంచి ఆమె, మెట్రో కోసం తవ్విపోసిన రోడ్డు దాటుకుని చిక్కడపల్లిలోని ఈ మేడమీది గదికి వచ్చారు. ఎవరి ఆటో వారిదే. తండ్రి దినాలు అయినప్పటి నుంచి అన్నాచెల్లెళ్ల మాటలు ముక్తసరిగానే సాగుతున్నాయి.

వాళ్ల తండ్రి విద్యాసాగర్ బడిలో చరిత్ర చెప్పిన పంతులు. టంకశాలలో తూకం గుమాస్తాగా చేసిన తాత నుంచి ఆయనకు ఒక గ్రీకు వెండి నాణెం వచ్చింది. అలెగ్జాండర్ కాలం నాటిదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. అమ్మరాదా అని ఎవరైనా అంటే, "అమ్ముడు లేదు, పంచుడు లేదు. అది నా వెంటనే వస్తది," అని నవ్వేవాడు. చివరి రెండేళ్లు మంచం పట్టి కూతురింట్లోనే ఉన్నాడు. ఆయన రేకుపెట్టె కూడా అక్కడే ఉంది. నాణెం అందులోనే దొరికింది.

మ్యూజియంలో నాణేల విభాగంలో పనిచేసి రిటైరైన ఉమాకాంత్ బంగారం తూచే చిన్న కాటా తీశాడు. నాణెం పెట్టి, అంకెలు చూసి, తీసి మళ్లీ పెట్టాడు.

"పద్నాలుగున్నర గ్రాములు. పదిహేడు దాటాలె."

"అరిగింది కావచ్చు సార్. పాతది గదా."

"అరిగితే బొమ్మ కూడా అరుగుతది. ఇది సక్కగ ఉన్నది చూడున్రి. సింహం తోలు కప్పుకున్న తల, వెనక గద్దను పట్టుకున్న దేవుడు. రెండూ నడిమధ్యల ఉన్నయి." భూతద్దం కిషన్ రావు చేతికిచ్చాడు. "ఆ చెంప మీద సూదిమొనలంత గుంటలు కనబడ్తున్నయా? పోత పోసినప్పుడు గాలి బుడగలు పడ్డ గుర్తులు. ఆ కాలంల గ్రీకు నాణేలకు పోత లేదు. అచ్చు మీద వెండి బిళ్ళ పెట్టి సమ్మెటతోని కొడ్తుండె."

"అంటే?"

"నకలు."

కిషన్ రావు నాణెం వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూశాడు.

"పెట్టె తాళంచెవి ఎవరి కాడ ఉండె?"

"నా కాడనే ఉండె. అయితే?"

"అయితే ఏంది? అసలుది యాడ పెట్టినవ్?"

మనోరమ ముఖం పాలిపోయింది. "రెండేండ్లు నాయినను ఎత్తి కూసుండబెట్టిన చేతులివి, అన్నా. దొంగతనం అంటగడ్తవా? నాయిన పోయినంక దినాల దాకా పెట్టె తెరిచింది ఒక్కసారే. అది గూడ నువ్వే. నాయినను వాకిట్ల పండబెట్టినంక అయ్యగారు ఒక్కొక్కటి అడుగుతుంటే నా కొంగుకున్న తాళంచెవి గుంజుకపోయినవ్. యాది లేదా?"

"మాట మార్చకు. ఇయ్యాల్టి సంది నా గడప తొక్కకు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. బ్యాగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "తీస్కో. పెట్టె గూడ తీస్కపో. నాకు అన్న ఉండె అనుకుంట."

ఉమాకాంత్‌కు ఇద్దరి మీదా కోపం వచ్చింది. లేచి బీరువాలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తీశాడు.

"కొట్లాట జర ఆపున్రి. మీ నాయిన అసలు నాణెం ఎనభై తొమ్మిదిల నాకు చూపించిండు. రాసిపెట్టుకున్న." పేజీ వెతికి చదివాడు. "బరువు పదిహేడు గ్రాముల పైన. అసలైనదే. నల్లగా మాసి ఉంది, తోమవద్దని చెప్పాను. గుండ్రంగా లేదు. తల బొమ్మ ఒక పక్కకు జరిగి, సింహం తోలు సగం అంచు దాటిపోయింది. అంచున లోతైన ఉలి గాటు."

"గాటా?" అన్నాడు కిషన్ రావు.

"లోపల గూడ వెండేనా, రాగి మీద పూతనా అని ఆ కాలపు షావుకారి ఎవడో నరికి చూసిండు. ఆ గాటే దానికి సర్టిఫికెట్. తెల్వనోళ్లు చూస్తే మాత్రం చెల్లని బిళ్ళ అనుకుంటరు. బడి పిల్లల చేతికి ఇచ్చేటందుకు నున్నగ చెక్కించిన అచ్చుల దానికి నకలు పోయించుకున్నడు. అదే ఇది. రెండూ ఒక్క పెట్టెలనే పెడ్త అన్నడు."

కిషన్ రావు చెయ్యి మళ్లీ గుండు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

"నల్లగ," అన్నాడు నెమ్మదిగా. "అంచుకు గాటు."

"చూసినవా అన్నా?" అంది మనోరమ, కళ్లు తుడుచుకుంటూ.

"చూసిన. చెల్లదనే అనుకున్న." బల్ల మీది తాళంచెవిని ఆమె వైపు జరిపాడు. తను అన్న మాటలు వెనక్కి తీసుకోవాలని ఉంది.

"మరి యాడున్నది?"

"నాయిన నొసటికి అంటించిన బిళ్ళ అదే, చెల్లె."