ఒంటిగంట స్విచ్

“రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు మీరాబీ” అన్నాడు మేనేజరు సుందరరాజు.

చేతిలో చీపురుతోనే మీరాబీ గుమ్మంలో నిలబడిపోయింది. నంద్యాల నూనె మిల్లు ఆఫీసులో కంప్యూటర్ నిన్నటి నుంచి లేవడం లేదు. స్విచ్ వేస్తే లోపల ఫ్యాను తిరుగుతోంది. తెర మీద ఒక్క అక్షరం రావడం లేదు.

“దాన్ని నేను ముట్టుకుని ఉంటే నా చేతులు పడిపోనీ సార్.”

“మరి దయ్యం ముట్టుకునిందా? పొద్దున బాగుంటాది. నేను అన్నం తినొచ్చేసరికి చచ్చుంటాది. ఆ పొద్దు ఈ గదిలో ఊడ్చేది నువ్వే గదా.”

ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకి వచ్చిన మెకానిక్ ఖాదర్ బాషా మిషను మూత బిగిస్తూ తలెత్తాడు.

“ఎవరో నడిచే మిషన్ని టపీమని ఆపుతాండారు సార్. ఆపేది, వేసేది, మళ్లీ ఆపేది. లోపల డిస్కు గీసుకపోయింది. ఇది ఒక్కరోజు పని కాదు.”

“యోబు ఉన్నప్పుడు ఒక్కపూటన్నా ఆగిందా ఇది? ఆ పిల్లోడు పోయినాంకనే ఈ తిప్పలన్నీ” అన్నాడు సుందరరాజు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. పక్కనే గుమాస్తా గురవయ్య ఉన్నాడు. యోబు ఆయన కొడుకు. ఈ కంప్యూటర్‌ని మిల్లుకి తెప్పించి, లెక్కలన్నీ దాంట్లోకి ఎక్కించి, తండ్రికి నేర్పినవాడు.

గురవయ్య టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తున్నాడు.

బాషా తన ఫ్లాపీ పెట్టి మిషన్ని లేపాడు. పాడైన చోట్లను పక్కకి నెట్టి, మిగతాది కూడదీయాలని చూశాడు. సగం దాకా పోయి ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది.

“లాభం లేదు సార్. అంతా తుడిచేసి, బ్యాకప్ ఫ్లాపీల్లోంచి తిరిగి నింపాల.”

గురవయ్య ఉలిక్కిపడ్డాడు. “అంతా తుడిచేస్తావా?”

“తుడిస్తేనే బతికేది పెద్దాయనా.”

“ఆ ఫ్లాపీల్లో అన్నీ ఉంటాయా?”

“ఉంటాయి. మొన్న వచ్చినప్పుడు నేనే తీసిపెట్టినా.”

“అన్నీనా బాషా?”

“అన్నీ. నాది పూచీ.”

“ఏం గురవయ్యా, దాంట్లో ఏమన్నా దాచిపెట్టినావా?” అని నవ్వాడు సుందరరాజు.

గురవయ్య లేచి వరండాలోకి పోయాడు. మీరాబీ చీపురు గోడకి ఆనించి ఏడుస్తోంది.

“నువ్వు యాడికీ పోవద్దు. సారుతో నేను మాట్లాడతా” అన్నాడు. ఆ మాట అన్నాక కూడా ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

లోపల బాషా తుడిచే ముందు డిస్కులో ఉన్న పేర్లన్నీ ఒకసారి తెర మీదికి తెప్పించాడు. శెనక్కాయల తూకాలు, నూనె డబ్బాలు, హాజరు. అన్నీ తాను బ్యాకప్ తీసినవే. అడుగున మాత్రం బ్యాకప్‌లో లేని ఒక చిన్న ఫైలు కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘బువ్వ’ అని పేరు.

“పనిలేనోడు ఎవుడో ఆటకు పెట్టినట్టుంది” అని నవ్వుకుని, తుడిచే మీట నొక్కాడు.

ఫ్లాపీలు ఒకటి తర్వాత ఒకటి మింగి, మధ్యాహ్నానికి మిషను లేచి కూర్చుంది. లెక్కలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

“బతికించినావు బాషా. మీరాబీ, ఇంక నువ్వు పో” అన్నాడు సుందరరాజు.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. గురవయ్య కుర్చీ జరుపుకుని తెర ఎదురుగా కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా మూత తీశాడు.

“ఒక్కసారి ఆపి వెయ్యప్పా.”

“ఎందుకు పెద్దాయనా? బాగానే ఉంది గదా.”

“వెయ్యి.”

బాషా ఆపి వేశాడు. లెక్కల పట్టిక వచ్చింది.

“దాంట్లో గడియారం సరిగ్గా పెట్టినావా?”

“పెట్టినా.”

“ఇంకోసారి వెయ్యి.”

మళ్లీ లెక్కల పట్టికే వచ్చింది. గురవయ్య చెయ్యి చాచి తానే టపీమని స్విచ్ ఆపాడు. వేశాడు. తెర వెలిగీ వెలగకముందే మళ్లీ ఆపాడు. లోపల డిస్కు కీచుమంది. బాషా ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

“ఏందీ పని? ఇట్ల చేస్తేనే గదా అది...”

బాషా పట్టు దానంతటదే వదులైంది.

“మీరాబీని పంపద్దండి సార్. దినామూ ఆపి ఆపి వేసింది నేనే” అన్నాడు గురవయ్య.

“నువ్వా? ఎందుకు?” అన్నాడు సుందరరాజు.

“పనిలో పడితే నేను అన్నం మర్చిపోతానని మా యోబు దాంట్లో ఏందో రాసిపెట్టినాడు సార్. మధ్యాహ్నం ఈ పొద్దప్పుడు స్విచ్ వేస్తే తెర మీద అడుగుతాడు, ‘నాయనా, బువ్వ తింటివా?’ అని. ఒక్కసారే అడుగుతాడు. మళ్లీ అడగాలంటే ఆపి వెయ్యాల.”

మీరాబీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

“ఆళ్లగడ్డలో రాయి చెక్కించి సమాధికి పెట్టినా. దాని మీద వాని పేరుంది. అది అడగదు గదా సార్.” గురవయ్య బాషా వైపు తిరిగాడు. “అన్నీ ఉంటాయంటివి గదప్పా. వాని మాట లేదే. ఎవరు తీసినారు దాన్ని?”

చల్లారిన డబ్బాలో అన్నం అట్లాగే ఉంది. ఖాదర్ బాషా కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

“నేనే... నాయనా.”