కోపకబానాలో సంచీ కాపలా

“దిగితే ఇద్దరం కలిసే దిగాలి. ఒకళ్ళు మునుగుతుంటే ఇంకొకళ్ళు ఒడ్డున కాపలానా? ఆ సంబడానికి ఇంత దూరం రావడమెందుకే!” అంటూ ఇదలీనా అద్దె గొడుగు కింద ఇసుకలో చతికిలబడింది.

బడిలో పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. మాటంటే మాటే. చెల్లెలు జందీరా సంచీని పొట్టకు అదుముకుని ఆమె పక్కన నిలబడింది. మీనాస్ కొండల్లో పుట్టి అక్కడే ముసలివాళ్ళయిన ఆ అక్కాచెల్లెళ్ళు సముద్రాన్ని చూడటం ఇదే మొదటిసారి. ఎదురుగా రియో నగరపు కోపకబానా బీచ్‌లో అలలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అడ్డమల్లా సంచీయే.

పెట్టెలు హోటల్లో పడేసి వచ్చారు గానీ, ఈ సంచీని మాత్రం జందీరా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఊళ్ళో బస్సెక్కింది మొదలు పొట్టకు కట్టుకునే తిరుగుతోంది. ఉన్న డబ్బంతా అందులోనే. రాత్రికి లాపా పేటలోని డాన్సు హాలు టిక్కెట్లూ అందులోనే. అన్నిటికీ మించి ఆమె ఎర్ర జోళ్ళు. లాపాలో సాంబా ఆడాలని జందీరాకు పడుచు వయసు నుంచీ కోరిక. మొగుడున్నన్నాళ్ళూ మొగుడు వద్దన్నాడు. ఆయన పోయాక మోకాళ్ళు వద్దన్నాయి. ఇన్నాళ్ళకు ఆ మోకాళ్ళను బతిమాలుకుని, కొలతలిచ్చి జోళ్ళు కుట్టించుకుని వచ్చింది. ఇప్పుడు సంచీ పోయిందంటే ఇక ఈ జన్మకు లాపా లేదు.

“రియో దొంగలు కంట్లో కాటుక కూడా కొట్టేస్తారటక్కా,” అంది భయంభయంగా.

ఇదలీనా తల తిప్పి చుట్టూ చూసింది. పక్క గొడుగుకు అవతల ఒంటరిగా కూర్చున్న ఓ బక్కపలచటి మనిషిని చెయ్యి ఊపి పిలిచింది. ఆ బీచ్‌లో అది మామూలే. నీళ్ళలోకి దిగేవాళ్ళు పక్కవాళ్ళకు సామాను అప్పజెప్పి పోతారు. ఒప్పుకున్నాక పక్కవాళ్ళు కదలరు, అదొక మర్యాద. ఇదలీనా ఆ సంగతి ఎక్కడో చదివింది గానీ, జందీరాకు తెలియదు.

“నీ పేరేంటి నాయనా?”

అతను ఉలిక్కిపడ్డాడు. వెనక్కి తిరిగి చూసి, పిలిచింది తననేనని తేల్చుకున్నాడు. “వాండర్లే,” అన్నాడు.

“చూడు వాండర్లే, ముసలాళ్ళం. మొదటిసారి సముద్రంలో మునగబోతున్నాం. మా సర్వస్వం ఈ సంచీలోనే ఉంది. నీకు అప్పజెప్పి వెళ్తున్నా. కనిపెట్టుకుని ఉంటావుగా?”

“నేనా?”

“నువ్వే. నిన్నే నమ్మాను.”

వాండర్లే సంచీకేసి, ఆమెకేసి మార్చి మార్చి చూశాడు. చివరికి, “సరే అత్తా,” అన్నాడు నీరసంగా.

చెల్లెలి చేతుల్లోంచి సంచీని ఊడబెరికేసరికి ఇదలీనాకు తలప్రాణం తోకకొచ్చింది.

నీళ్ళలో దిగాక కూడా జందీరా మొహం ఒడ్డువైపే ఉంది. “ఊరేదో తెలీదు, వాడెవడో తెలీదు! దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేనే!”

“అల వస్తోంది, ఎగురు!”

జందీరా ఎగిరింది. దిగి, ఉప్పునీళ్ళు ఉమ్మేసి, మళ్ళీ ఒడ్డుకేసి చూసింది. సంచీ ఉంది. వాండర్లే ఉన్నాడు. గొడుగు నీడను సంచీ మీదికి జరిపి, తాను ఎండలో కూర్చున్నాడు.

అంతలో ఓ కుర్రకారు మూక అటుగా వచ్చింది. వాళ్ళలో ఒకడు సంచీ దగ్గర వంగబోయాడు. జందీరా ఒడ్డువైపు రెండడుగులు వేసింది. వాండర్లే ఒక్క ఉదుటున లేచి, “చెయ్యి వేశావంటే విరిచేస్తా! ఇది నాకు అప్పజెప్పారు!” అని అరిచాడు. వాడు బిత్తరపోయి వాండర్లేను ఎగాదిగా చూసి, ఏదో గొణుక్కుంటూ పోయాడు. టీ క్యాన్లు భుజాన వేసుకుని బీచ్‌లో అమ్ముకుంటూ తిరిగే ఒకతనైతే ఈ కాపలాను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎందుకు నవ్వాడో జందీరాకు అర్థం కాలేదు.

ఒక పెద్ద అల ఒడ్డు దాటి గొడుగుల దాకా పాకింది. వాండర్లే సంచీని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు, నిక్కరంతా తడిసినా పట్టించుకోలేదు. అది చూశాక జందీరా మనసు కరిగిపోయింది. ఇంత మంచివాణ్ణి అనుమానించానే అని తనను తానే తిట్టుకుంది. ఆ తర్వాత ఒడ్డు సంగతే మరిచి, అక్క చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది.

ఒడ్డెక్కేసరికి వాండర్లే వీపు ఎర్రగా కమిలిపోయి ఉంది. రెండు చేతులతో సంచీ అందించాడు. జోళ్ళు, టిక్కెట్లు, డబ్బు, ఎక్కడివక్కడే ఉన్నాయి. జందీరాకు కళ్ళు చెమర్చాయి. ఇంటి నుంచి తెచ్చిన జామపండు హల్వా ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

“రాత్రికి లాపాకి రా నాయనా. నాతో ఒక్క ఆట ఆడుదువుగాని.”

“వద్దత్తా... నన్ను వదిలెయ్యండి,” అన్నాడు వాండర్లే. హల్వా పట్టుకుని, తల వంచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు.

“సిగ్గరి పాపం!” అంది జందీరా. “ఇంతమందిలో అంత నమ్మకస్తుణ్ణి ఎలా కనిపెట్టావే అక్కా?”

ఇదలీనా తలలోని ఇసుక దులుపుకుంటూ అంది:

“బస్టాండులో దిగినప్పట్నుంచీ ఈ సంచీ ఎప్పుడు కొట్టేద్దామా అని మన వెనకాలే తిరుగుతున్నాడు కదే, ఇక తప్పదని వాడికే అప్పజెప్పా.”